ఆరు రూపాయల టికెట్టు: కొచ్చిలో పడవల మీద ఒక రోజు

(నర్సాపురంలో ఒక ఆదివారం సాయంత్రం పుస్తక మిత్రులు కూడినప్పుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక బల్లల వాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే ఫ్యాను ఆపేద్దాం. ఉక్కకైనా నేను తొందరగా ముగిస్తాను.

నన్ను కొచ్చి గురించి మాట్లాడమన్నారు. కొచ్చిలో ఏమేం చూడాలి అని ఫోనులో అడిగితే రెండు క్షణాల్లో జాబితా వస్తుంది. దానికి నేనెందుకు, మైకెందుకు? అందుకని ఒక్క రోజు సంగతే చెప్తాను. పోయిన జనవరిలో ఒక శుక్రవారం నేనూ మా ఆవిడా ఆ ఊళ్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవల మీదే తిరిగాం. ఆ శుక్రవారం సంగతి. శుక్రవారం అన్నది గుర్తు పెట్టుకోండి, తర్వాత దాంతో పనుంది.

ఇవాళ ఈ గదిలోకి, మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే మన పంటు ఎక్కి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగానికి సగం. సఖినేటిపల్లి వాళ్లు, అంతర్వేది వాళ్లు, అందరూ ఉన్నారు. మీకు నేను పడవ గురించి ఏం చెప్తాను? మనకి పడవంటే ఆలస్యం. పడవంటే రేవులో ఎండలో నిలబడి, అవతలి ఒడ్డున ఆగిపోయిన పంటుని తిట్టుకోవడం. వరదొస్తే అదీ లేదు. అలాంటి ఊరివాడు పడవెక్కడానికి కొచ్చి దాకా పోవాలా? మా ఆవిడ కూడా సరిగ్గా ఇదే అడిగింది. రైలు టికెట్లు తీసిన రోజు నుంచి, రైలు దిగేదాకా అడుగుతూనే ఉంది.

మాల వేసుకుని శబరిమల వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. కొచ్చి నగరంలో భాగమే ఎర్నాకుళం, మనకి మాత్రం అదొక రైల్వే స్టేషను. నేనూ ఆ ఊరిని నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ ప్లాట్‌ఫారం మీద నుంచే. ఇడ్లీ పొట్లం కొనుక్కుని మళ్లీ రైలెక్కడం, అంతే. ఐదోసారి, రిటైరయ్యాక, పనిగట్టుకుని వెళ్లాం.

వెళ్లిన రోజు సాయంత్రమే ఒక పొరపాటు చేశాం. ఎర్నాకుళంలో నీళ్ల ఒడ్డున నడుస్తుంటే ఒకాయన వెంటపడ్డాడు. "బోటింగ్ సార్, బోటింగ్ సార్, వన్ అవర్ సార్." ఎక్కాం. పెద్ద పడవ, రంగు రంగుల లైట్లు, పైన ప్లాస్టిక్ కుర్చీలు. కదలగానే పాటలు పెట్టారు. ఎంత సౌండంటే పక్కన కూర్చున్న మనిషితో సైగలతో మాట్లాడుకోవాలి. మధ్యలో ఒకబ్బాయి మైకు తీసుకుని ఎడమ వైపు చూడండి అంటాడు. మనం ఎడమ వైపు తిరిగేసరికి కుడి వైపు చూడండి అంటాడు. గంట తిప్పి ఎక్కిన చోటే దింపారు. ఎక్కిన చోటే! మా ఆవిడ దిగి ఒకటే మాట అంది: "దీనికి మన పంటే నయం, కనీసం అవతలి ఒడ్డుకైనా చేరుస్తుంది."

నేను ఇవాళ మీకు చెప్పాలనుకున్న మాట కూడా అదేనండీ. చూడ్డానికి ఎక్కే పడవ వేరు, పోవడానికి ఎక్కే పడవ వేరు. కొచ్చి వెళితే రెండోదే ఎక్కండి. ఆ ఊళ్లో జనం పనులకి, చదువులకి, పెళ్లిళ్లకి, ఆస్పత్రులకి ఎక్కే పడవే ఎక్కండి. చూడాల్సినవన్నీ దాంట్లోంచే కనిపిస్తాయి.

మర్నాడు పొద్దున్న ఎర్నాకుళం బోట్ జెట్టీకి వెళ్లాం. సుభాష్ పార్కు పక్కనే. అక్కడ కేరళ ప్రభుత్వానికి ఒక జల రవాణా శాఖ ఉంది. మన ఆర్టీసీ బస్సులు నడిపినట్టు వాళ్లు పడవలు నడుపుతారు. 1968 నుంచీ నడుపుతున్నారు. అవతలి ఒడ్డున ఉన్న పాత ఊరు ఫోర్ట్ కొచ్చికి టికెట్టు 6 రూపాయలు. విన్నారా? 6 రూపాయలు. ఇద్దరికి 12. నేను వంద నోటు ఇచ్చాను. కౌంటరు వెనకాయన నా వంక ఒక చూపు చూశాడు. ముప్పై రెండేళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని, కార్డుకి వంద నోటిచ్చినవాళ్లని నేను చూసిన చూపే అది. నాకు తగిన శాస్తి జరిగింది అనుకున్నాను. మీరు వెళ్లేటప్పుడు చిల్లర పట్టుకెళ్లండి.

మాకు ఎదురుగా వచ్చి ఆగిన పడవలోంచి జనం దిగుతున్నారు చూడండీ, సినిమా వదిలినట్టు. నర్సులు, కాలేజీ పిల్లలు, కోర్టు గుమస్తాలు, టిఫిను క్యారేజీ పట్టుకున్న పెద్దాయన. అందరూ దీవుల నుంచి, ఫోర్ట్ కొచ్చి నుంచి ఎర్నాకుళానికి పనికొస్తున్నారు. వాళ్లు దిగాక అదే పడవ మేమెక్కితే సగం ఖాళీ. ఇదొక చిట్కా. పొద్దున్న ఊరంతా ఇటు వస్తున్నప్పుడు మనం అటు పోవాలి. సాయంత్రం ఊరంతా అటు పోతున్నప్పుడు మనం ఇటు రావాలి. రెండుసార్లూ కిటికీ పక్కన సీటు దొరుకుతుంది.

నేను కిటికీ పక్కన కూర్చోలేదు. ఇంజిన్ దగ్గర కూర్చున్నాను. ఎందుకో చెప్తాను. ఆ పడవ నడిపే మనిషిని వాళ్లు ఏమంటారో తెలుసా? స్రాంక్. స్రాంక్ అంటే ఎవరండీ? మన సరంగు! చిన్నప్పుడు గోదావరి మీద లాంచీల్లో సరంగు ముందు గదిలో నిలబడి చక్రం తిప్పుతుంటే మనం నోరు తెరుచుకుని చూసేవాళ్లం కదా, ఆ సరంగే. మన దగ్గర లాంచీలు పోయాయి, వాటితో పాటు మాటా పోయింది. మా మనవడికి సరంగు అంటే తెలీదు. అక్కడ ఇంకా జీతం తీసుకునే ఉద్యోగం పేరు అది.

సరంగు ముందు ఉంటాడు. ఆయనకి దారి కనిపిస్తుంది, ఇంజిను కనిపించదు. ఇంజిను మధ్యలో గుంటలో ఉంటుంది. దాని దగ్గర డ్రైవరు కూర్చుంటాడు. ఆయనకి ఇంజిను కనిపిస్తుంది, దారి కనిపించదు. మరి ఇద్దరూ కలిసి పడవని ఎలా నడుపుతారు? సరంగు తల దగ్గర నుంచి ఒక తాడు ఇంజిన్ దాకా వస్తుంది, దాని చివర గంట. సరంగు తాడు లాగుతాడు, గంట మోగుతుంది, ఆ గంటని బట్టి డ్రైవరు ఇంజిను పెంచుతాడు, తగ్గిస్తాడు, వెనక్కి తిప్పుతాడు. టంగ్ మని ఒక దెబ్బ, టంగ్ టంగ్ మని రెండు దెబ్బలు. ఏ దెబ్బకి ఏ అర్థమో కనిపెడదామని ఇరవై నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. డ్రైవరు బనీను మీద ఉన్నాడు, చెవిలో దూది పెట్టుకున్నాడు. చెవిలో దూది ఉన్నా గంట వినిపిస్తుందా అని నా అనుమానం. గంట మోగిన ప్రతిసారీ ఆయన చెయ్యి మాత్రం తనంతట తనే కదులుతోంది, తలెత్తి చూసేది కూడా లేదు.

ఒడ్డు దగ్గరికొచ్చాక కళాసీ, వాళ్లు లస్కర్ అంటారు, మోకు చేత్తో పట్టుకుని పడవ ఆగకముందే గట్టు మీదకి దూకి, గుంజకి రెండు చుట్లు తిప్పాడు. పాత టైర్లకి పడవ ఒరుసుకుని ఒక మూలుగు మూలిగింది. ఆ మూలుగు మనకి తెలిసిందే. నేను కళ్లు మూసుకుంటే మన రేవే.

సరే, దిగేశాను, మధ్యలో ఏం కనిపించిందో చెప్పలేదు. మళ్లీ పడవెక్కుదాం.

ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చికి పోతుంటే కుడి చేతి వైపు వల్లార్‌పాడం దీవి. అక్కడ కంటైనర్ ఓడరేవు ఉంది, ఆకాశంలో కొంగల్లాగా పెద్ద పెద్ద క్రేన్లు. ఎడమ చేతి వైపు విల్లింగ్డన్ దీవి. నౌకాదళం, ఓడరేవు, గిడ్డంగులు. ఎంత పెద్ద దీవి అంటే దాని మీద రైల్వే స్టేషన్ కట్టారు. ఇప్పుడు చెప్పండి, ఆ దీవిని ఎవరు చేశారు? దేవుడా? కాదు, ఒక ఇంజినీరు.

మనకి కాటన్ దొర ఎలాగో కొచ్చి వాళ్లకి బ్రిస్టో దొర అలాగ. రాబర్ట్ బ్రిస్టో. 1920లో వచ్చాడు. అప్పటికి కొచ్చిలో సముద్రం, కాయల్ (అంటే ఒడ్డు లోపలి ఉప్పునీటి సరస్సు) కలిసే మొగ దగ్గర అడ్డంగా ఇసుక మేట ఉండేది. పెద్ద ఓడ లోపలికి రాలేదు. బయట సముద్రంలో లంగరు వేసి నిలబడితే చిన్న పడవల్లో సరుకు మోసేవారు. వానాకాలం వస్తే అదీ కష్టమే. బ్రిస్టో ఆ మేటని కోసి దారి చేశాడు. 1928 మే 26న పద్మ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. ఓడలకి లోతు కోసం లోపల తవ్వారు కదా, ఆ తవ్విన మట్టి ఎక్కడ పోయాలి? పక్కనే పోశారు. పోసి, పోసి, పోసి దీవి చేశారు. అదే విల్లింగ్డన్ దీవి. మన ఊళ్లో చెరువు తవ్విన మట్టితో ఇంటి మెరక చేసుకుంటాం చూడండి, ఆ ఆలోచనే, కొంచెం పెద్ద ఎత్తున.

విల్లింగ్డన్ ఎవరనుకున్నారు? అప్పటి మద్రాసు గవర్నరు. అంటే మన గవర్నరే. ఫోర్ట్ కొచ్చి ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ల కింద, మలబారు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మన గోదావరి జిల్లాలూ అందులోనే. మా తాతగారూ, ఫోర్ట్ కొచ్చిలో వల వేసే ఆయన తాతగారూ ఒకే దొర పాలనలో ఉన్నారన్నమాట. మా ఆవిడకి ఈ సంగతి చెప్తే, "అయితే టికెట్లో తగ్గిస్తారా?" అంది. 6 రూపాయల్లో ఏం తగ్గిస్తారు చెప్పండి.

అసలు కొచ్చికి ఆ మొగ ఏర్పడడం వెనకా ఒక వరద కథ చెప్తారు. 1341లో పెరియార్ నదికి మహా వరద వచ్చిందట. అంతకుముందు ఉత్తరాన కొడుంగల్లూరు దగ్గర ముజిరిస్ అనే పెద్ద రేవు. రోమను ఓడలు మిరియాల కోసం వచ్చింది అక్కడికే. వరదకి ఆ రేవు పూడిపోయి, ఇక్కడ కొచ్చిలో మొగ తెరుచుకుందట. ఒక ఊరి రేవు పూడితే ఇంకో ఊరికి రేవు దొరికింది. ఇది మనకి చెప్పక్కర్లేదు. పదిహేడో శతాబ్దంలో మన నర్సాపురం దగ్గర యూరపు ఓడలు కట్టారు, బాగు చేశారు. ఇప్పుడు మన రేవులో ఏముంది? పంటు ఉంది.

ఎండ గురించి ఒక మాట. జనవరి కదా, చల్లగా ఉంటుందనుకుని గొడుగు తీసుకెళ్లలేదు. నీళ్ల మీద ఎండ రెండుసార్లు కొడుతుందండీ, పైనుంచి ఒకసారి, కింద నీళ్ల మీద తిరిగొచ్చి ఇంకోసారి. టోపీ పెట్టుకున్నా గడ్డం కింద కాలుతుంది. మధ్యాహ్నానికి మా ఆవిడ పమిట ముసుగేసుకుని, మైసూరుపాకు రంగుకొచ్చిన నన్ను చూసి నవ్వింది.

ఫోర్ట్ కొచ్చిలో దిగగానే చీన వలలు. మీరు క్యాలెండర్లలో చూసే ఉంటారు, సూర్యాస్తమయానికి ఎదురుగా నల్లటి సాలీళ్లలాగా ఉంటాయి. వాళ్ల భాషలోనూ వల అంటే వలే. చీన వల. చైనా నుంచి వర్తకులు తెచ్చారని కొందరంటారు, మకావు నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చారని కొందరంటారు. వాళ్లలో వాళ్లు తేల్చుకోనివ్వండి. నాకు కావలసింది అది పనిచేసే పద్ధతి.

ఒడ్డున నిలబెట్టిన పెద్ద త్రాసు అనుకోండి. ఒక వైపు దుంగలకి కట్టిన వల, నీటి మీదకి వంగి ఉంటుంది. ఇంకో వైపు, ఒడ్డు వైపు, తాళ్లకి వేలాడే రాళ్లు. ఒక్కో రాయి మన పొత్రం కంటే పెద్దది. వలా, రాళ్లూ దాదాపు సరితూగుతాయి. అందుకే ఒక మనిషి ఆ దుంగ మీద వల వైపు నాలుగడుగులు నడిస్తే చాలు, ఆ బరువుకే వల నెమ్మదిగా నీళ్లలోకి దిగిపోతుంది. ఐదు నిమిషాలు ఆగుతారు. తర్వాత నలుగురైదుగురు తాళ్లు పట్టుకుని లాగితే రాళ్లు కిందకి, వల పైకి. మోటారు లేదు, కరెంటు లేదు. ఎంత అందమైన లెక్కో చూడండి.

అక్కడొక పెద్దాయన నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. నేనూ తాడు పట్టుకున్నాను. చివర్లో పది రూపాయలడుగుతాడని తెలుసు, అయినా పట్టుకున్నాను. "ఏలేలో" అని ఏదో పదం అంటారనుకున్నాను, వాళ్లు ఏమీ అనలేదు, ఫోనులో మాట్లాడుకుంటూ లాగారు. వల పైకొచ్చింది. ఏం పడింది? అరచేయంత చేపలు నాలుగు, ఒక పీత, ఒక ప్లాస్టిక్ సీసా, కొంచెం గుర్రపుడెక్క. గుర్రపుడెక్క! మన కాలవల్లో ఉండే గుర్రపుడెక్కే. దాన్ని చూసి నాకు ఊళ్లో ఉన్నట్టే అనిపించింది. నాలుగు చేపలకి ఐదుగురు మనుషులా అని అడుగుతారు మీరు. నేనూ అడిగాను. పెద్దాయన నవ్వి, తాడు పట్టుకున్న నా చేతుల్ని చూపించాడు. అంటే చేప నేనేనన్నమాట. పది కాదు, యాభై ఇచ్చాను.

దగ్గర్లోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. వాస్కో డ గామా 1524లో కొచ్చిలోనే పోయాడు, ముందు ఇక్కడే పూడ్చారు, తర్వాత పోర్చుగల్ తీసుకుపోయారు. సమాధి చోటు మాత్రం ఉంది. లోపల పైకప్పు నుంచి వేలాడే గుడ్డ పంకాలు చూడండి, బయట నిలబడిన మనిషి తాడుతో లాగేవాడట. అక్కడా తాడే. అయినా మనం ఇవాళ పడవల మీద ఉన్నాం, చర్చిలో ఎక్కువసేపు ఆగొద్దు.

ఇప్పుడు అసలైన పడవ. ఫోర్ట్ కొచ్చి నుంచి ఎదురుగా వైపిన్ దీవి. మధ్యలో సముద్రంలోకి పోయే మొగ. దాటడానికి ఐదు నిమిషాలు. రోడ్డు మీద పోవాలంటే ఊరంతా చుట్టి రావాలి. మనం ఇక్కడ నుంచి సఖినేటిపల్లి పోవడానికి చించినాడ వంతెన మీదుగా చుట్టి పోయినట్టు. అందుకని అక్కడ ఒక పడవ, స్కూటర్లు, కార్లు, లారీలు, మనుషులు, అన్నీ ఎక్కించుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. అదేమిటండీ? పంటే కదా! మా ఆవిడ దాన్ని చూసి నడి రేవులో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయింది. వెయ్యి కిలోమీటర్లు రైల్లో వచ్చి పంటెక్కుతున్నాం.

దాన్ని వాళ్లు జంగార్ అంటారు. ఇప్పుడున్నవి కొత్త ఇనుప పడవలు, ఎటు నుంచి ఎక్కితే అటు నుంచి కాకుండా నేరుగా ముందుకి దిగిపోవచ్చు, వాహనం వెనక్కి తిప్పే పని లేదు. పాత జంగార్ అంటే రెండు నాటు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచినది. మలయాళంలో చంగాడం అనే మాట ఉంది. పోర్చుగీసువాళ్ల నోట్లో అది జంగాడ అయింది, తిరిగి వచ్చి జంగార్ అయింది. చంగాడం... చంగాడం... ఎక్కడో విన్నట్టు లేదూ? మన సంగడి! రెండు దోనెలు జత చేసి కట్టినదాన్ని మన పెద్దవాళ్లు సంగడి అనేవారు. సంగడీడు అంటే స్నేహితుడు కదా. ఆ మాటా, ఈ మాటా చుట్టాలని నా నమ్మకం. భాషా పండితులు మాస్టారు ముందు వరసలో ఉన్నారు, తప్పయితే టీ తాగేటప్పుడు తిట్టండి, ఇక్కడ వద్దు.

ఆ మొగ మధ్యలో ఉండగా జంగార్ ఆగింది. ఎందుకాగిందా అని చూస్తే, సముద్రం నుంచి ఒక సరుకు ఓడ లోపలికి వస్తోంది. ఆరంతస్తుల మేడ నడిచి వచ్చినట్టు వచ్చింది. మా పక్కన స్కూటరు మీద చేపల ట్రేలు పెట్టుకున్నాయన ఇంజిను ఆపి, వాచీ చూసుకున్నాడు. ఆయనకి ఓడ అక్కర్లేదు. ఆయన దిగులంతా చేపల మీద కరిగిపోతున్న ఐసు గురించే. నేను ఓడని చూస్తున్నాను, ఆయన ఐసుని చూస్తున్నాడు. అంతలో ఎవరో కేక వేస్తే తిరిగి చూశాం, నీళ్లలో బూడిద రంగు వీపు ఒకటి లేచి మునిగింది. డాల్ఫిన్. ఆ మొగ దగ్గర అవి తిరుగుతుంటాయి. ముందు రోజు డబ్బులిచ్చి ఎక్కిన పడవలో కనపడలేదు, ఇందులో కనిపించింది.

వైపిన్ వాళ్లకి 2004లో గోశ్రీ వంతెనలు వచ్చేదాకా ఎర్నాకుళం పోవాలంటే పడవే గతి. వంతెనలొచ్చాక పడవలు తగ్గాయి. ఆ మాట చెప్పినాయన బాధగా చెప్పలేదు, హాయిగా చెప్పాడు. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఏం చేసేవాళ్లమో మీకు తెలీదు అన్నాడు. నాకు తెలుసు అన్నాను. ఇక్కడున్న ఆడవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

వైపిన్ ఒడ్డున ఒక చిన్న హోటల్లో భోజనం. అరిటాకు, చేపల పులుసు. చింతపండు కాదు, కుడంపులి అని ఎండిన నల్లటి పులుపు వేస్తారు. కరిమీన్ వేపుడు కూడా చెప్పాం. మనం పులసని నెత్తిన పెట్టుకున్నట్టు వాళ్లు కరిమీన్‌ని పెట్టుకుంటారు, రాష్ట్ర చేప అది. బావుంది. పులస ముందు ఎంత అని అడక్కండి, నేను నిజం చెప్పలేను.

నా దృష్టంతా అన్నం మీద ఉంది. లావుగా, గుండ్రంగా, ఉప్పుడు బియ్యం. చేతిలోకి తీసుకుని మెదిపి చూశాను. మా నాన్న దాళ్వాలో బొండాలు అనే లావు రకం వరి వేసేవారు, నాకు ఆ గింజ తెలుసు. వడ్డించే అబ్బాయిని అడిగాను, ఏం బియ్యం ఇది అని. "ఆంధ్ర అరి సార్" అన్నాడు. అరి అంటే బియ్యం. ఆంధ్ర అరి! మన పొలాల్లో పండి, మన మిల్లుల్లో ఉప్పుడు చేసి, రైల్లో కేరళ పోయే బొండాలు. మనం పండిస్తాం గాని మనం తినం, మనకి సన్న బియ్యం కావాలి. నా జీవితంలో మొదటిసారి మా నాన్న పంటని ఆకులో వడ్డించుకుని తిన్నాను, వైపిన్‌లో. రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

మధ్యాహ్నం తిరిగి దాటి ఆటోలో మట్టాంచేరి వెళ్లాం. ఇప్పుడు శుక్రవారం గుర్తు తెచ్చుకోండి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు రాజుకి కట్టిచ్చి, తర్వాత డచ్చివాళ్లు బాగు చేసి పేరు కొట్టేసిన ప్యాలెస్ ఉంది. లోపల గోడల నిండా రామాయణం చిత్రాలట. శుక్రవారం సెలవు. పక్కనే 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం, నేల మీద చైనా నుంచి తెచ్చిన పలకలట, ఏ రెండూ ఒకలా ఉండవట. శుక్రవారం మధ్యాహ్నం అదీ మూశారు. తప్పెవరిది? నాదే. రైలు టికెట్టు తేదీలు చూసుకున్నాను గాని వారం చూసుకోలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో పెళ్లయినవాళ్లకి తెలుసు.

ఆ డచ్చివాళ్లు మన పాలకొల్లులోనూ ఉన్నవాళ్లేనండోయ్. పాలకొల్లులో వాళ్ల సమాధులున్నాయి, కొచ్చిలోనూ ఉన్నాయి. మనవి చూడ్డానికి ఎంతమంది వెళ్లాం? సరే, వదిలేయండి.

యూదుల వీధిలో శొంఠి, మిరియాల కొట్ల ముందు కూర్చున్నాం. తలుపులు మూసి ఉన్న పాత గిడ్డంగుల్లోంచి కూడా ఘాటు వస్తోంది. వాటికి వీధి వైపు ఒక తలుపు, వెనక నీళ్ల వైపు ఒక తలుపు. సరుకు వచ్చేది పోయేది వెనక నుంచి. మనం వీధిలో నిలబడి చూస్తే వీపు చూస్తున్నట్టే. అందుకే ఆ ఊరిని నీళ్ల మీద నుంచి చూడమంటాను.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి వాటర్ మెట్రో. పేపర్లలో చదివే ఉంటారు, 2023 ఏప్రిల్‌లో మొదలైంది. పది దీవుల్ని కలుపుతూ 38 స్టేషన్లు, 78 పడవలు వాళ్ల ప్రణాళిక. పడవలు కట్టింది కొచ్చిన్ షిప్‌యార్డే. మన విమాన వాహక నౌక విక్రాంత్ కట్టింది కూడా వాళ్లే. ఫోర్ట్ కొచ్చి నుంచి హైకోర్టు స్టేషన్‌కి మనిషికి 40 రూపాయలు. ఏసీ, గాజు కిటికీలు, మెత్తటి సీట్లు. బ్యాటరీ మీద నడుస్తుంది, పొగ లేదు, చప్పుడు లేదు. గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టి 100 మందిని ఎక్కించి, తర్వాతి మనిషిని ఆపేశారు. ఆపేస్తే ఆ మనిషి గొడవ చేయలేదు, వెనక్కి వెళ్లి నిలబడ్డాడు! కేరళలో నేను చూసిన అన్నిటిలోకీ వింత అదే.

నాకు నచ్చిందా? నిజం చెప్పనా? పొద్దుటి పడవే నచ్చింది. ఇందులో నీళ్ల వాసన లేదు, చెయ్యి బయట పెట్టి తడుపుకునే వీలు లేదు, గంట లేదు. మా ఆవిడకి మాత్రం ఇదే నచ్చింది. పొద్దున్నుంచి ఎండిపోయిన మనిషి, ఏసీ కింద కూర్చుని, గాజులోంచి పొద్దు కుంకడం చూస్తూ, "ఇలాంటిది మన గోదావరికి ఒకటి వేస్తే పుట్టింటికి రోజూ వెళ్లొస్తాను" అంది. వాళ్ల పుట్టిల్లు అవతలి ఒడ్డున. నేను గంట గురించి బాధపడుతున్నాను, ఆవిడ పుట్టింటి లెక్క వేసుకుంటోంది. రోజూ దాటేవాళ్ల మాటే మాట, నేను ఒప్పుకున్నాను.

దిగాక స్టేషన్‌లో ఆగి పడవని ముందు నుంచి చూశాను. లోపల ఉన్నప్పుడు తెలీలేదు. దాని అడుగు ఒకటి కాదండీ, రెండు. రెండు సన్నటి దోనెలు పక్కపక్కన, వాటి మీద గది. నీళ్లు మధ్యలోంచి పోతున్నాయి. అల్యూమినియంతో చేశారు, బ్యాటరీలు పెట్టారు, తెర మీద స్టేషన్ల పేర్లు వేశారు. కింద మాత్రం సంగడే. మా ఆవిడని పిలిచి చూపించాను. "అయితే ఏంటి, ఆకలేస్తోంది, పదండి" అంది.

ప్రశ్నలుంటే అడగండి. కాదు, ఆగండి, టైమెంతయింది? ఎనిమిదవుతోందా? సఖినేటిపల్లి వాళ్లు లేవండి, లేవండి. పంటు అవతలి ఒడ్డున ఆగిపోతే మళ్లీ నన్నే తిడతారు. ప్రశ్నలు నడుస్తూ అడుగుదురుగాని, నేను రేవు దాకా వస్తాను.